కెమికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్, ఎం.ఎస్., పీహెచ్‌డీ: తరచుగా అడిగే ప్రశ్నలు

బీటెక్ కెమికల్ అయిపోతోంది. పై చదువు నిజంగా అవసరమా?

మీరు చేయాలనుకుంటున్న పనిని బట్టి ఉంటుంది. రిఫైనరీలో షిఫ్ట్ ఇంజనీరు, బల్క్ డ్రగ్ యూనిట్‌లో ప్రొడక్షన్, టెక్ ట్రాన్స్‌ఫర్, ప్రాజెక్టు పనులు, వీటికి బీటెక్ చాలు. అక్కడ రెండేళ్ల ఎంటెక్ కంటే రెండేళ్ల ప్లాంట్ అనుభవానికే విలువ ఎక్కువ. కొత్త ప్రాసెస్ తయారుచేయడం, స్కేలప్, క్యాటలిస్టులు, సిమ్యులేషన్, రియాక్షన్ సేఫ్టీ, బ్యాటరీలు, సెమీకండక్టర్ తయారీ, అధ్యాపక వృత్తి వైపు వెళ్లాలంటే మాత్రం పై చదువు కావాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లోనే ఈ తేడా కనిపిస్తుంది: ప్రొడక్షన్ బ్లాకుకు బీటెక్ వాళ్లను తీసుకుంటారు, ప్రాసెస్ ఇంజనీరింగ్ ల్యాబ్‌కు వచ్చేసరికి ఎంటెక్ వాళ్ల కోసం చూస్తారు.

ఉద్యోగం దొరకలేదు కాబట్టి ఎంటెక్‌లో చేరదాం అనుకునేవాళ్లకు ఒక్క మాట. పనిచేసే ల్యాబ్ లేని, గైడ్‌కు సొంత పరిశోధన లేని కాలేజీలో చేరితే సమస్య రెండేళ్లు వాయిదా పడుతుంది, అంతే. అలాంటి సీటు కంటే ఒక ఏడాది ప్లాంట్‌లో పనిచేస్తూ మళ్లీ గేట్ (ఎంటెక్ ప్రవేశాల జాతీయ పరీక్ష) రాయడం మేలు.

ఎంటెక్, ఎం.ఎస్. రీసెర్చ్, నేరుగా పీహెచ్‌డీ: వీటి మధ్య తేడా ఏమిటి?

మామూలు ఎంటెక్ రెండేళ్లు. మొదటి ఏడాది కోర్సులు, రెండో ఏడాది థీసిస్. ఐఐటీ మద్రాస్‌లో ఎం.ఎస్., బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎంటెక్ రీసెర్చ్ లాంటివి పరిశోధన డిగ్రీలు. వాటిలో కోర్సులు తక్కువ, థీసిస్ పెద్దది, రెండున్నర మూడేళ్లు పట్టొచ్చు. ఐఐటీ బాంబేలో ఎంటెక్‌లోనే టీచింగ్ అసిస్టెంట్‌గా రెండేళ్ల దారి, రీసెర్చ్ అసిస్టెంట్‌గా మూడేళ్ల దారి విడివిడిగా ఉన్నాయి. పరిశోధన దారులకు గేట్ స్కోరుతో పాటు ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. కటాఫ్ కొంచెం తక్కువ ఉన్నా ఇంటర్వ్యూలో నిలబడగలిగితే సీటు వస్తుందన్న సంగతి చాలామంది గమనించరు.

బీటెక్ నుంచి నేరుగా పీహెచ్‌డీకి కూడా చాలా ఐఐటీలు తీసుకుంటాయి. పరిశోధనే జీవితం అని ఇప్పటికే తేల్చుకున్నవాళ్లకు అది మంచి దారి. ఇంకా తేల్చుకోనివాళ్లు ఎం.ఎస్. రీసెర్చ్‌తో మొదలుపెడితే ల్యాబ్ జీవితం తమకు సరిపడుతుందో లేదో తెలుస్తుంది. అది నచ్చితే చాలాచోట్ల పీహెచ్‌డీలోకి మార్చుకునే వీలు ఉంటుంది.

గేట్ కెమికల్ పేపర్ ఎలా ఉంటుంది?

మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో జనరల్ ఆప్టిట్యూడ్ 15, మ్యాథ్స్ 13 దాకా, మిగతాది సబ్జెక్టు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు జవాబుకు కోత ఉంది: ఒక మార్కు ప్రశ్నకు మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతులు. ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నలకూ, అంకె టైప్ చేసే ప్రశ్నలకూ కోత లేదు. బీటెక్ మూడో ఏడాది నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో.

సబ్జెక్టు భాగంలో ప్రాసెస్ క్యాలిక్యులేషన్స్, థర్మో, ఫ్లూయిడ్ మెకానిక్స్, మెకానికల్ ఆపరేషన్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్, రియాక్షన్ ఇంజనీరింగ్, ప్రాసెస్ కంట్రోల్, ప్లాంట్ ఎకనామిక్స్, కెమికల్ టెక్నాలజీ ఉంటాయి. కెమికల్ టెక్నాలజీ అంతా జ్ఞాపకశక్తి మీద నడుస్తుంది, వచ్చే మార్కులు కొన్నే. దాన్ని చివరి నెలకు వదిలేయండి. మొదట మెటీరియల్ బ్యాలెన్స్ చేతికి రావాలి. అది రాకపోతే మిగతా సబ్జెక్టుల్లోనూ లెక్కలు సగంలో ఆగిపోతాయి.

సబ్జెక్టు వచ్చు, అయినా మార్కులు రావడం లేదు. ఎక్కడ పోతున్నాయి?

ఎక్కువగా అంకె టైప్ చేసే ప్రశ్నల్లో. అక్కడ ఆప్షన్లు ఉండవు కాబట్టి తప్పు దొర్లినా ఎవరూ హెచ్చరించరు. తరచూ కనిపించే పొరపాట్లు ఇవి.

గ్యాస్ స్థిరాంకం యూనిట్లు. 8.314 అనే అంకె జౌల్ పర్ మోల్ కెల్విన్‌కూ సరిపోతుంది, కిలోపాస్కల్ ఘనమీటర్ పర్ కిలోమోల్ కెల్విన్‌కూ సరిపోతుంది. ఒత్తిడిని పాస్కల్‌లో పెట్టి మోల్స్‌ను కిలోమోల్స్‌గా తీసుకుంటే జవాబు వెయ్యి రెట్లు తేడా వస్తుంది. గేజ్ ప్రెషర్‌కు వాతావరణ పీడనం కలపకుండా ఐడియల్ గ్యాస్ సమీకరణంలో పెట్టడం ఇంకొకటి. ఆంటువాన్ సమీకరణంలో లాగ్ బేస్ 10కా, సహజ లాగా, ఉష్ణోగ్రత సెల్సియస్‌లోనా కెల్విన్‌లోనా అన్నది ప్రశ్నలో ఇచ్చిన స్థిరాంకాల పక్కనే రాసి ఉంటుంది. తొందరలో చదవరు. వెట్ బేసిస్‌ను డ్రై బేసిస్‌గా, మోల్ ఫ్రాక్షన్‌ను మోల్ రేషియోగా తీసుకోవడం డ్రయింగ్, అబ్సార్ప్షన్ లెక్కల్లో జరుగుతుంది.

పరీక్షలో సొంత క్యాలిక్యులేటర్ ఉండదు, తెరమీద ఉన్నదాన్ని మౌస్‌తో నొక్కాలి. అది నెమ్మదిగా పనిచేస్తుంది, కోణాలకు డిగ్రీ, రేడియన్ మార్పు చూసుకోవాలి. ఇంట్లో సాధన మొత్తం దానిమీదే చేయండి. మాక్ టెస్టులు మొదలుపెట్టిన రోజు నుంచి తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయండి: కాన్సెప్టా, యూనిటా, చదవడంలో తొందరా. పది టెస్టులయ్యేసరికి ఏ రకం పొరపాటు మిమ్మల్ని వెనక్కి లాగుతోందో ఆ పట్టికే చూపిస్తుంది.

స్కోరు వచ్చాక సీటు ఎలా వస్తుంది? కోయాప్, సీసీఎంటీ ఒకటేనా?

కాదు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ ఆఫర్లు కోయాప్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వస్తాయి. ఎన్ఐటీల సీట్లకు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ఉంటుంది. ఏటా జరిగే పెద్ద పొరపాటు ఇది: కోయాప్‌లో రిజిస్టర్ అయితే దరఖాస్తు అయిపోయిందనుకోవడం. కోయాప్ ఆఫర్లు చూపించే చోటు మాత్రమే. ప్రతి ఐఐటీకీ దాని సొంత వెబ్‌సైట్‌లో విడిగా, దాని గడువులోగా దరఖాస్తు చేయాలి. ఆ దరఖాస్తులో కోయాప్ రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వాలి. కొన్ని ఐఐటీల గడువు గేట్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ముగుస్తుంది.

ఆఫర్ వచ్చాక మూడు దారులుంటాయి. యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్ నొక్కితే సీటు ఖాయం, తర్వాతి రౌండ్లలో ఇంకేమీ రాదు. రిటెయిన్ అండ్ వెయిట్ అంటే ఈ ఆఫర్ చేతిలో ఉంచుకుని ఎదురుచూడటం. రిజెక్ట్ అండ్ వెయిట్ అంటే ఈ సీటు వదులుకున్నట్టే. గడువులోపు ఏదీ నొక్కకపోతే తిరస్కరించినట్టు లెక్కిస్తారు. ఊరెళ్లి నెట్ లేక సీటు పోగొట్టుకోకండి, రౌండ్ల తేదీలు ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

సీసీఎంటీలో ఛాయిస్ ఫిల్లింగ్ ఉంటుంది. సీటు వచ్చాక ఫ్రీజ్ అంటే ఇది చాలు, స్లైడ్ అంటే అదే సంస్థలో పై ఛాయిస్‌కు మాత్రమే, ఫ్లోట్ అంటే ఏ సంస్థలోనైనా పై ఛాయిస్‌కు వెళ్లడానికి సిద్ధం.

సర్టిఫికెట్ల దగ్గర ఎవరికి ఇబ్బంది వస్తోంది?

బీసీ విద్యార్థులకు. మీసేవలో తీసుకునే బీసీ-ఏ, బీ, డీ సర్టిఫికెట్ రాష్ట్ర నమూనా. గేట్‌కూ ఐఐటీలకూ ఎన్ఐటీలకూ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది: రాష్ట్ర జాబితాలో బీసీగా ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మీ రాష్ట్రానికి సంబంధించిన కేంద్ర జాబితాలో మీ కులం పేరు ఉందో లేదో చూసుకున్నాకే ఆ కోటాలో దరఖాస్తు చేయండి. సీటు ఇచ్చే సమయంలో ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న సర్టిఫికెట్ అడుగుతారు. ఈడబ్ల్యూఎస్‌కూ ఇదే వర్తిస్తుంది. తహసీల్దార్ ఆఫీసులో రోజులు పట్టొచ్చు కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే పెట్టుకోండి.

సీజీపీఏను శాతంలోకి మార్చేటప్పుడు మీ యూనివర్సిటీ మార్కుల మెమో వెనక ఇచ్చిన సూత్రమే వాడండి. పదో తరగతి సీబీఎస్ఈలో వాడిన 9.5తో గుణించి పంపితే వెరిఫికేషన్‌లో తేడా బయటపడి సీటుకే ఎసరు వస్తుంది.

గేట్‌లో మంచి స్కోరు రాలేదు. పీజీఈసెట్ పనికొస్తుందా?

వస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎంటెక్ ప్రవేశాలకు నడిపే పీజీఈసెట్లు రెండు గంటల పరీక్షలు, 120 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు. కౌన్సెలింగ్‌లో గేట్ అర్హులకు మొదటి ప్రాధాన్యం, తర్వాతే పీజీఈసెట్ ర్యాంకులు. ఉస్మానియా టెక్నాలజీ కాలేజీ, ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీయూ, అనంతపురం జేఎన్‌టీయూ లాంటి చోట్ల కెమికల్ విభాగాలు పాతవి, అనుభవమున్న అధ్యాపకులు ఉన్నారు. అక్కడ చేరినవాళ్లు ఒక పని చేయాలి: రెండో ఏడాది థీసిస్‌ను హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలోనో, ఏదైనా కంపెనీ ఆర్ అండ్ డీలోనో చేసే వీలు కోసం మొదటి సెమిస్టర్ నుంచే అడగడం మొదలుపెట్టాలి. చివరి నిమిషంలో అడిగితే అక్కడి ల్యాబుల్లో ఖాళీ ఉండదు.

స్టైపెండ్ ఎంత?

గేట్ అర్హతతో ఎంటెక్ చేసేవాళ్లకు నెలకు 12,400 రూపాయలు. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీల్లో గేట్‌తో చేరినవాళ్లకూ ఇదే. పీజీఈసెట్‌తో మాత్రమే చేరితే ఇది రాదు. స్టైపెండ్ తీసుకున్నందుకు వారానికి ఎనిమిది గంటలు ల్యాబ్, ట్యుటోరియల్ పని చేయాలి. పీహెచ్‌డీలో 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, అర్హత ఉన్నచోట ఇంటి అద్దె భత్యం అదనం. డబ్బు ప్రతి నెలా ఒకటో తేదీకి పడుతుందని నమ్ముకోకండి. మొదటి మూడు నెలల మెస్ ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

సంస్థ పేరు చూడాలా, గైడ్‌ను చూడాలా?

రెండేళ్ల కోర్సు ఎంటెక్ చేసి క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కు వెళ్లాలనుకుంటే సంస్థ పేరు ముఖ్యం. పరిశోధన డిగ్రీ అయితే గైడే ముఖ్యం. పెద్ద ఐఐటీలో నిధులు లేని ల్యాబ్ కంటే, చిన్న సంస్థలో నడుస్తున్న ప్రాజెక్టు ఉన్న ల్యాబ్ వెయ్యి రెట్లు నయం. ఇది కెమికల్ ఇంజనీరింగ్‌లో మరీ నిజం. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ పాడైతే బాగుచేయించే డబ్బు, ప్రెషర్ రియాక్టర్‌కు కొత్త సీల్స్ కొనే డబ్బు లేకపోతే ఏ గొప్ప ఆలోచనా ముందుకు కదలదు.

గైడ్ గురించి తెలుసుకోవాల్సినవి బయట కనిపిస్తాయి. గత మూడు నాలుగేళ్లలో వచ్చిన పేపర్లు చూడండి. వాటిలో మొదటి పేరు విద్యార్థులదేనా? ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, ఎన్నేళ్లలో పూర్తిచేశారు? ఇప్పుడు ఉన్న విద్యార్థుల్లో ఇద్దరితో విడివిడిగా ఫోన్‌లో మాట్లాడండి. "గైడ్ మంచివారేనా" అని అడిగితే అందరూ మంచివారే అంటారు. ఇలా అడగండి: వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుంది, పరికరం పాడైనప్పుడు ఎంత కాలం ఆగింది, ఎవరైనా మధ్యలో మానేశారా. ఆ నాలుగు జవాబులు చాలు.

ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారు?

సిలబస్ మొత్తం అడగరు. "మీకు నచ్చిన రెండు సబ్జెక్టులు చెప్పండి" అంటారు, అక్కడి నుంచి లోతుకు తీసుకెళ్తారు. నచ్చినదని చెప్పిన సబ్జెక్టులో మొదటి సూత్రాల నుంచి రాబట్టడం రావాలి. బోర్డు మీద కంట్రోల్ వాల్యూమ్ గీసి, వచ్చేది, పోయేది, పుట్టేది, నిలవ ఉండేది రాయడం మొదలుపెడితే సగం పని అయినట్టే.

ఉదాహరణకు, ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్‌కు 90% కన్వర్షన్ కావాలంటే ఒకే సీఎస్‌టీఆర్‌లో (నిరంతరం కలియబెట్టే ట్యాంకు రియాక్టర్) రేటు స్థిరాంకాన్ని రెసిడెన్స్ టైమ్‌తో గుణిస్తే 9 రావాలి, గొట్టం లాంటి ప్లగ్ ఫ్లో రియాక్టర్‌లో 2.303 చాలు. అంటే ట్యాంకు దాదాపు 3.9 రెట్లు పెద్దది. 99% అడిగితే 99, 4.6 అవుతాయి, తేడా 21 రెట్లు దాటుతుంది. ఇంతవరకు చాలామంది చెబుతారు. తర్వాతి ప్రశ్న: "అయినా పరిశ్రమలో సీఎస్‌టీఆర్ ఎందుకు వాడతారు?" ఇక్కడే ఆగిపోతారు. వేడి ఎక్కువ పుట్టే రియాక్షన్‌లో ఉష్ణోగ్రతను ఒకేచోట పట్టి ఉంచడం, స్లర్రీలు, రెండు ద్రవాలు కలపాల్సి రావడం, కొన్ని సమాంతర రియాక్షన్లలో తక్కువ గాఢత వల్ల వచ్చే సెలెక్టివిటీ, ఇవి చెప్పాలి.

ఇంకొన్ని తరచూ వచ్చేవి: బయో (Biot) సంఖ్యకూ నస్సెల్ట్ సంఖ్యకూ తేడా (రెండూ ఒకేలా కనిపిస్తాయి, మొదటిదానిలో కండక్టివిటీ ఘనపదార్థానిది, రెండోదానిలో ఫ్లూయిడ్‌ది). పంపు సక్షన్ వైపు వాల్వ్ ఎందుకు మూయకూడదు. మినిమం రిఫ్లక్స్‌లో ఎన్ని ట్రేలు కావాలి. ఫ్యుగాసిటీ అనే భావన లేకపోతే ఏమి ఇబ్బంది. మ్యాథ్స్‌లో ఫస్ట్ ఆర్డర్, సెకండ్ ఆర్డర్ డిఫరెన్షియల్ సమీకరణాలు, ఐగన్ విలువలు, వేరియబుల్స్ వేరుచేసే పద్ధతి తప్పనిసరి.

తెలియకపోతే తెలియదని చెప్పి, "ఇలా ఆలోచించి చూస్తాను" అని మొదలుపెట్టండి. ఎదుటివాళ్లు చూసేది ఆ ఆలోచననే. బీటెక్ ప్రాజెక్టును ఫోటోకాపీ సెంటర్‌లో కొన్నవాళ్లు మాత్రం రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఏ రంగం ఎంచుకోవాలి?

క్యాటలిసిస్, ఎలక్ట్రోకెమికల్ పనులు, మెంబ్రేన్లు, పాలిమర్లు, బయోప్రాసెస్, సీఎఫ్‌డీ (ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కించడం), మాలిక్యులర్ సిమ్యులేషన్, ప్రాసెస్ కంట్రోల్, ఆప్టిమైజేషన్: పరిధి పెద్దది. చేతులతో పనిచేయడం ఇష్టమా, కోడ్ రాయడం ఇష్టమా అన్నది మొదట తేల్చుకోండి. ప్రయోగాలు చేసేవాళ్లు కూడా పైథాన్ నేర్చుకోవాల్సిందే.

తెలుగు ప్రాంతాలకు సూటిగా సంబంధించి, చాలినంతమంది లేని రంగాలు రెండు ఉన్నాయి. ఒకటి క్రిస్టలైజేషన్, ఫ్లో కెమిస్ట్రీ: మన దగ్గర ఇన్ని ఏపీఐ (మందులోని అసలు ఔషధ పదార్థం) యూనిట్లు ఉన్నాయి, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ కణ పరిమాణం మారిపోవడం రోజూ ఉండే సమస్య. రెండోది ప్రాసెస్ సేఫ్టీ. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి ఊరిమీద పడి పన్నెండు మంది చనిపోయారు. నిల్వ ట్యాంకులో ఉష్ణోగ్రత పెరగడం, పాలిమర్ కాకుండా ఆపే ఇన్హిబిటర్ చాలకపోవడం, వేడి బయటికి పోయే వేగం కంటే పుట్టే వేగం ఎక్కువ కావడం, ఇవన్నీ మనం మూడో ఏడాదిలో చదివే ఎనర్జీ బ్యాలెన్సే. 2024 ఆగస్టులో అచ్యుతాపురం, 2025 జూన్‌లో పాశమైలారం ఫార్మా యూనిట్లలో పేలుళ్లు ప్రాణాలు తీశాయి. రియాక్షన్ కెలోరిమెట్రీ, డస్ట్ ఎక్స్‌ప్లోజన్, అదుపు తప్పే రనవే రియాక్షన్ల మీద పనిచేసే ఇంజనీర్లు మనకు చాలా తక్కువ. ఈ రంగానికి మంచి విద్యార్థులు రావాలని గట్టిగా కోరుకుంటున్నాం.

మెకానికల్, బయోటెక్ లేదా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. కెమికల్‌లో చేరొచ్చా?

కొన్ని చోట్ల చేరొచ్చు. అర్హత ప్రకటనలో "తత్సమాన శాఖలు" అన్న వరుస చదవండి, ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది. చేరేముందు మెటీరియల్, ఎనర్జీ బ్యాలెన్స్, మాస్ ట్రాన్స్‌ఫర్, రియాక్షన్ ఇంజనీరింగ్ ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాల్లో పూర్తిచేయండి. కెమిస్ట్రీవాళ్లకు అదనంగా మ్యాథ్స్ పని ఉంటుంది. అది తేలికగా తీసుకోవద్దు.

అమెరికాలో ఎం.ఎస్. చేయాలా, పీహెచ్‌డీయా?

ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిన తేడా ఇది. ఎం.ఎస్.కు ట్యూషన్, ఖర్చులు ఎక్కువగా మీవే. పీహెచ్‌డీకి ట్యూషన్ మాఫీ, ఆరోగ్య బీమా, జీతం విశ్వవిద్యాలయమే ఇస్తుంది. చాలా విభాగాల్లో ఆ జీతం ఏడాదికి 30,000 డాలర్లు దాటుతుంది. పైగా కెమికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీకే తీసుకుంటారు, ముందు మాస్టర్స్ ఉండనక్కర్లేదు. అయితే అది ఐదేళ్ల పని. అప్పు లేకుండా వెళ్లొచ్చన్న ఒక్క కారణంతో చేరితే రెండో ఏడాదికే ఊపిరాడదు.

దరఖాస్తు గడువులు ఎక్కువగా డిసెంబరు మొదటి పక్షంలో ఉంటాయి. నిధులతో వచ్చిన ఆఫర్లకు జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా సమయం ఉంటుందన్నది చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్న నియమం. జీఆర్ఈ పరీక్ష స్కోరును చాలా విభాగాలు ఇప్పుడు అడగవు, కొన్ని చూడవు కూడా. ప్రతి విభాగం పేజీ చూసి నిర్ణయించుకోండి. చాలా కెమికల్ విభాగాల్లో సీటు ముందు విభాగం ఇస్తుంది, గైడ్‌ను మొదటి సెమిస్టర్‌లో ప్రొఫెసర్ల ప్రసంగాలు విన్నాక ఎంచుకుంటారు. కాబట్టి ముగ్గురు నలుగురు ప్రొఫెసర్ల పని నచ్చిన చోటికే పెట్టండి. ఒక్కరి కోసమే పెడితే, వారికి ఆ ఏడాది ఖాళీ లేకపోతే చిక్కు. 2025లో పరిశోధన నిధుల కోత వల్ల కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, అందుకే దరఖాస్తుల జాబితాలో ఒకే దేశం పెట్టుకోకండి.

ఎం.ఎస్. చేసేవాళ్లకు చదువు తర్వాత అక్కడే పనిచేసే అనుమతి (ఓపీటీ) 12 నెలలు, స్టెమ్ పొడిగింపు 24 నెలలు ఉన్నాయి. కానీ రక్షణ, ఇంధన రంగాల్లో కొన్ని ఉద్యోగాలకు పౌరసత్వం అడుగుతారు. కోర్సు ఎం.ఎస్. చేసి కోర్ ఉద్యోగం దొరకక సాఫ్ట్‌వేర్‌కు మారేవాళ్లు తక్కువేమీ కాదు. థీసిస్ ఉన్న ఎం.ఎస్. కాస్త గట్టి దారి.

ఎస్ఓపీ, రికమండేషన్ లెటర్లు, పేపర్ల విషయంలో ఏమి జాగ్రత్త?

కన్సల్టెన్సీ రాసిచ్చిన ఎస్ఓపీ (మీ పని, ఉద్దేశం చెప్పే వ్యాసం) వాడకండి. ఒకే పేరాలు వందలమంది పేర్లతో వెళ్తాయి. పీహెచ్‌డీ కమిటీలో చదివేది ప్రొఫెసర్లు, వాళ్లు చిన్ననాటి కలల గురించి చదవరు. మీరు చేసిన పని ఏమిటి, ఏమి కొలిచారు, ఏది అనుకున్నట్టు రాలేదు, ఎందుకు రాలేదనుకుంటున్నారు, తర్వాత ఏ ప్రశ్న మీద పనిచేయాలనుంది: రెండు పేజీలకు ఇది చాలు.

లెటర్ల విషయంలో, మీతో పనిచేసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ రాసింది, మిమ్మల్ని ఎరగని ప్రిన్సిపాల్ రాసినదాని కంటే బలంగా ఉంటుంది. "మీరే రాసుకురండి, సంతకం పెడతా" అంటే మర్యాదగా మీ ప్రాజెక్టు వివరాల పేజీ ఇచ్చి వాళ్లనే రాయమని కోరండి. మూడు లెటర్లూ ఒకే చేతి రాతలా ఉంటే ఇట్టే తెలిసిపోతుంది.

డబ్బు కట్టి వారంలో ప్రచురించే జర్నల్స్ జోలికి పోవద్దు. అది లాభం కాదు, మచ్చ. దాని బదులు పరిశోధన అనుభవం సంపాదించండి: సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్, ఐఐటీ హైదరాబాద్ ష్యూర్, ఐఐటీ మద్రాస్ వేసవి ఫెలోషిప్ ఉన్నాయి. ఇల్లు కదలకుండా చేయాలంటే ఐఐటీ బాంబే ఫోసీ బృందం నడిపే డీడబ్ల్యూసిమ్ ఫ్లోషీటింగ్ ప్రాజెక్టు ఉంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్లాంట్ ఫ్లోషీట్ కట్టి సమర్పించడం, నిజంగా నేర్పే పని.

జర్మనీ, కెనడా ఎలా ఉంటాయి?

జర్మనీలో మన సబ్జెక్టు చాలాచోట్ల ప్రాసెస్ ఇంజనీరింగ్ పేరుతో, జర్మన్‌లో ఫెర్‌ఫారెన్స్‌టెక్నిక్ పేరుతో ఉంటుంది. కెమికల్ అని మాత్రమే వెతికితే సగం కోర్సులు కనబడవు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ లేదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం, కార్ల్స్‌రూహెతో సహా, మనలాంటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు ఉంటుంది. భారతీయులకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలను సరిచూసి ఇచ్చేది) తప్పనిసరి. దానికి నెలలు పట్టొచ్చు, అన్నిటికంటే ముందు అదే మొదలుపెట్టండి. వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే జమచేసే బ్లాక్డ్ అకౌంట్ మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా, ప్లాంట్ ఉద్యోగానికి జర్మన్ బి2 స్థాయి లేకపోతే కష్టం.

కెనడాలో ఎంఏఎస్సీ అంటే థీసిస్, నిధులు ఉంటాయి, గైడ్ ఒప్పుకోవాలి. ఎంఇంజ్ అంటే కోర్సులు, ఖర్చు మీదే. అక్కడ చాలాచోట్ల గైడ్‌కు ముందే మెయిల్ రాయడం అవసరం. వారి ఇటీవలి పేపర్ ఒకటి చదివి, దాని గురించి రెండు వాక్యాలు, మీ పని గురించి రెండు వాక్యాలు, మార్కుల మెమో జతచేసి పంపండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, మళ్లీ వద్దు.

డబ్బు సహాయం ఎక్కడ దొరుకుతుంది?

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట పథకం ఉన్నాయి. 20 లక్షల దాకా ఇస్తారు, ఆదాయ పరిమితి ఉంటుంది. ఎస్సీలకు కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. డబ్బు విడతలుగా వస్తుంది కాబట్టి మొదటి ఫీజుకు వేరే ఏర్పాటు చేసుకోవాలి. బ్యాంకు రుణం తీసుకుంటే పాత పన్ను విధానంలో వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది.

బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. తెలుగు మీడియం నేపథ్యం. అవకాశం ఉందా?

గేట్ దారిలో బ్యాక్‌లాగ్‌ల చరిత్ర కంటే చేరే నాటికి డిగ్రీ పూర్తికావడం, కనీస సీజీపీఏ ఉండడమే ముఖ్యం. చాలాచోట్ల ఆ కనీసం 6 లేదా 6.5. తెలుగు మీడియం ఆటంకం కాదు. రాత ఇంగ్లిష్‌ను మాత్రం రోజూ ఒక పేజీ రాసి పెంచుకోవాలి: చదివిన ఒక పేపర్‌ను మీ మాటల్లో అరపేజీ. ఆరు నెలలు చేస్తే థీసిస్ రాసేటప్పుడు దాని ఫలితం తెలుస్తుంది.

థీసిస్ ఎందుకు మధ్యలో ఆగిపోతుంది?

చదువులో అన్నిటికంటే ఎక్కువ కాలం తినేది ఇదే. మొదటి కారణం కొనుగోళ్లు. ప్రభుత్వ సంస్థల్లో జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్, కొటేషన్లు, కమిటీలు దాటి ఒక రసాయనం చేతికొచ్చేసరికి రెండు మూడు నెలలు పోతాయి. కాబట్టి రెండో సెమిస్టర్‌లో కోర్సులు నడుస్తుండగానే క్యాటలిస్టు, గ్యాస్ సిలిండర్లు, కాలమ్ ఆర్డర్ పెట్టించాలి.

రెండోది, డేటా నమ్మదగినదో కాదో చూడకుండా ముందుకెళ్లడం. క్యాటలిస్టు లేకుండా బ్లాంక్ రన్ చేయండి, రియాక్టర్ గోడే రియాక్షన్ జరిపిస్తోందేమో తెలుస్తుంది. కార్బన్ బ్యాలెన్స్ 95 నుంచి 105% లోపల సరిపోలకపోతే ఎక్కడో లీకు ఉంది, లేదా గుర్తించని ప్రొడక్ట్ ఉంది. స్టిర్రర్ వేగం మార్చి రేటు మారుతోందా చూడండి, మారితే మీరు కొలుస్తున్నది మాస్ ట్రాన్స్‌ఫర్, కైనెటిక్స్ కాదు. కణ పరిమాణం సగం చేసి మళ్లీ చూడండి, కణం లోపలి డిఫ్యూజన్ అడ్డుపడుతోందో లేదో చెప్పే వైజ్-ప్రేటర్ లెక్క వేయండి. ఈ పరీక్షలు చేయని ఏడాది డేటాను ఒక్క రివ్యూయర్ ప్రశ్న పడగొడుతుంది. ప్రతి ముఖ్యమైన బిందువూ కనీసం మూడుసార్లు రిపీట్ చేయాలి.

సిమ్యులేషన్‌వాళ్లకు దీనికి సాటి గ్రిడ్ ఇండిపెండెన్స్. మెష్ రెట్టింపు చేస్తే జవాబు మారుతుంటే అది ఇంకా జవాబు కాదు. ముందు ఎవరో ప్రచురించిన ప్రయోగ ఫలితాన్ని మీ మోడల్‌తో రాబట్టండి, ఆ తర్వాతే కొత్త కేసు.

నోట్‌బుక్‌లో తేదీ, బ్యాచ్ నంబరు, సిలిండర్ నంబరు, కాలిబ్రేషన్ తేదీ రాయండి. ప్రెషర్ రియాక్టర్‌ను ప్రతిసారీ నైట్రోజన్‌తో పని పీడనానికి లీక్ టెస్ట్ చేశాకే హైడ్రోజన్ ఎక్కించండి, రాత్రి ఒంటరిగా నడపకండి.

చేరాక గైడ్‌తో పొసగకపోతే?

మొదటి ఏడాదిలో మార్చుకోవడం సులభం, రెండో ఏడాది చివర కష్టం. ముందు ఇబ్బందిని గైడ్‌తోనే మెయిల్‌లో మర్యాదగా చెప్పండి, మాట్లాడుకున్నది రాతలో ఉంటుంది. కుదరకపోతే విభాగంలోని పీజీ కమిటీ లేదా డాక్టోరల్ కమిటీ సభ్యుల దగ్గరికి వెళ్లండి. కొత్త గైడ్ ఒప్పుకున్నారన్న మాట రాతపూర్వకంగా చేతికొచ్చాకే పాత ల్యాబ్ వదలండి, లేకపోతే మధ్యలో స్టైపెండ్ ఆగిపోవచ్చు. పాత ల్యాబ్‌లో తీసిన డేటా వాడుకోవడం, పేపర్‌లో పేర్లు ఎలా ఉండాలన్నది కూడా వదిలే ముందే తేల్చుకోవాలి.